గట్టిపడిన స్ఫటికాల గుజ్జులోకి కొత్త మాగ్మా ఎలా చొరబడుతుంది?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టుగా ఒకసారి చెప్పుకుంటాను. అగ్నిపర్వతం కింద ద్రవంతో నిండిన పెద్ద గది ఉంటుందని మీ పాఠ్యపుస్తకం బొమ్మ వేసి చూపిస్తోంది. ఈమధ్య మీరు చదివిన వ్యాసాలు మాత్రం అక్కడ ఉండేవి చాలావరకు స్ఫటికాలేనని, వాటి సందుల్లో కాస్త ద్రవం ఉంటుందని చెబుతున్నాయి. దాదాపు గట్టిపడిన అలాంటి పదార్థంలోకి అడుగు నుంచి కొత్త మాగ్మా వస్తే అది ఎక్కడికి పోతుంది, పాతదానితో ఎలా కలుస్తుంది అన్నది మీ అసలు సందేహం. మీ ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే నల్లటి గెలాక్సీ రాయి కూడా ఇటువంటి గుజ్జు నుంచే పుట్టిందా అని, 2024 డిసెంబరులో మీ ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కంపించినప్పుడు కొందరు అనుకున్నట్టు కింద మాగ్మా ఏమైనా కదులుతోందా అని కూడా అడిగారు. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు కావాలి కనుక దానితో మొదలుపెడతాను.

పుస్తకంలోని బొమ్మ పూర్తిగా తప్పని అనను గానీ, అది అరుదుగా, కొద్దికాలం మాత్రమే ఉండే స్థితిని శాశ్వత స్థితిగా చూపిస్తోంది. భూకంప తరంగాలతో అగ్నిపర్వతాల కింది భాగాన్ని పరిశీలించినప్పుడు తరంగాల వేగం తగ్గడం కనిపిస్తుంది. అయితే పూర్తిగా ద్రవమే ఉంటే ఎంత తగ్గాలో అంత తగ్గడం చాలాచోట్ల కనిపించదు. అమెరికాలోని యెల్లోస్టోన్ కింద ద్రవం వాటా 5 నుంచి 15 శాతం మధ్య ఉంటుందని చాలాకాలం అంచనా వేశారు. 2022లో మెరుగైన పద్ధతులతో లెక్క కట్టినప్పుడు అది 16 నుంచి 20 శాతం వరకు ఉండవచ్చని తేలింది. అంత పేరున్న అగ్నిపర్వతం కిందనే నూటికి ఎనభై పాళ్లు ఘనపదార్థమన్న మాట. 2017లో క్యాథరిన్ క్యాష్‌మన్, స్టీఫెన్ స్పార్క్స్, జోనథన్ బ్లండీ అనే శాస్త్రవేత్తలు కలిసి ఈ విషయాన్ని మరికొంత ముందుకు తీసుకువెళ్లారు. వారి ప్రకారం మాగ్మా వ్యవస్థ ఒకచోట ఉన్న ఒక తొట్టె కాదు. భూపటలం అడుగు నుంచి పైదాకా నిలువుగా విస్తరించిన స్ఫటికాల గుజ్జు, అందులో అక్కడక్కడ ద్రవం గుమికూడిన పలుచని పొరలు, ఆ పొరలు ఒక్కోసారి నిలకడ కోల్పోయి పైకి కదలడం అన్నవి ఆ వ్యవస్థ లక్షణాలు. నేను చూసిన రాళ్లతో పోల్చుకుంటే ఈ వర్ణనే నాకు ఎక్కువ సబబుగా అనిపిస్తుంది.

ఈ గుజ్జు ఎప్పుడు పారుతుంది, ఎప్పుడు పారదు అన్నది చాలావరకు స్ఫటికాల వాటాను బట్టి ఉంటుంది. వాటా 40 శాతం లోపు ఉన్నప్పుడు స్ఫటికాలు ద్రవంలో విడివిడిగా తేలుతూ ఉంటాయి కాబట్టి మొత్తం పదార్థం చిక్కగానైనా పారుతుంది. 50, 60 శాతానికి చేరేసరికి ఒక స్ఫటికం పక్క స్ఫటికాన్ని తాకి, అది ఇంకోదాన్ని తాకి, మొత్తం మీద బరువు మోయగల ఒక చట్రం ఏర్పడుతుంది. ఆ తరువాత అది పారే పదార్థం కింద లెక్కకు రాదు. అగ్నిపర్వతాల నుంచి వెలువడిన లావాలలో స్ఫటికాలు 50, 55 శాతం దాటినవి అరుదుగా దొరకడానికి కారణం ఇదేనని బ్రూస్ మార్ష్ 1981లోనే వాదించాడు. అంతకంటే గట్టిపడినది కిందనే ఉండిపోయి ప్లూటాన్, అంటే భూమి లోపలే గట్టిపడిన పెద్ద శిలాకాయం, అవుతుంది.

ఇక కొత్త మాగ్మా సంగతి. సాధారణంగా అడుగు నుంచి వచ్చేది సిలికా తక్కువగా ఉండే బసాల్ట్ జాతి మాగ్మా. దాని ఉష్ణోగ్రత 1100 నుంచి 1200 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, చిక్కదనం నీటికంటే పదివేల నుంచి లక్ష రెట్లు ఎక్కువ. పైన ఉన్న గుజ్జు సిలికా ఎక్కువగా ఉన్న డేసైట్ లేదా రయోలైట్ జాతిదైతే, దాని ఉష్ణోగ్రత 700 నుంచి 850 డిగ్రీలే ఉంటుంది. సందుల్లోని ద్రవం చిక్కదనం మాత్రం బసాల్ట్‌కు వేల రెట్లు, ఒక్కోసారి పది లక్షల రెట్లు ఉంటుంది. ఇంత తేడా ఉన్న రెండు పదార్థాలు ఎదురుపడగానే కలిసిపోతాయని అనుకోవడం దగ్గరే చాలామంది విద్యార్థుల ఆలోచన దారి తప్పుతోంది. ఎదురుపడగానే జరిగేది కలయిక కాదు, వేడి మార్పిడి.

దీన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. రాతిలోను, రాతి ద్రవంలోను వేడి పాకే వేగానికి సంబంధించిన గుణకం సెకనుకు చదరపు మీటరులో పది లక్షలవ వంతుకు దగ్గరగా ఉంటుంది. ఏడాదిలో సుమారు మూడు కోట్ల సెకన్లు ఉన్నాయి. ఆ రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే, ఏడాది కాలంలో వేడి కేవలం వహనం ద్వారా ఐదారు మీటర్లు పోగలదని వస్తుంది. అదే సిలికా వంటి పదార్థం వ్యాపనం ద్వారా ఒక ద్రవం నుంచి ఇంకో ద్రవంలోకి పోవాలంటే, గుణకం దానికంటే లక్షల, కోట్ల రెట్లు తక్కువ. ఏడాది గడిచినా ప్రయాణం సెంటీమీటరు దాటడం కష్టం, చిక్కటి రయోలైట్‌లో మిల్లీమీటరు పోయినా గొప్పే. కాబట్టి రసాయన కలయిక మొదలు కావడానికి చాలా ముందే వేడి తన పని ముగించుకుంటుంది. బసాల్ట్ తన వేడిని పోగొట్టుకుని అక్కడికక్కడే స్ఫటికాలు కట్టి బిగుసుకుంటుంది. పక్కనున్న గుజ్జు ఆ వేడితో కొంత కరుగుతుంది. ఒకటి గట్టిపడుతూ ఉంటే రెండోది మెత్తబడుతూ ఉంటుంది. ఈ దశలో ఆ రెండింటి చిక్కదనాలు తారుమారు కావడం కూడా ఉంది.

ఈ సంఘటనకు ఆనవాలు చూడాలంటే ఐస్‌లాండ్ దాకా వెళ్లనక్కరలేదు. ఒంగోలు, చీమకుర్తి మధ్య ఉన్న ఏ కటింగ్ ఫ్యాక్టరీ యార్డుకైనా వెళ్లి, బయటి ప్రాంతాల నుంచి వచ్చిన బూడిదరంగు గ్రానైట్ స్లాబులు పేర్చి ఉన్నచోట నిలబడండి. కొన్ని స్లాబుల్లో పిడికిలంత నుంచి గుమ్మడికాయంత వరకు నల్లటి మచ్చలు కనిపిస్తాయి. వ్యాపారికి అది లోపం, ఆ స్లాబు ధర తగ్గిపోతుంది. మనకు అదే పనికొచ్చే స్లాబు. ముందు మచ్చ అంచును చూడాలి. అంచు కోణాలు తేలి, పగిలిన ముక్కలాగా ఉంటే, అది గ్రానైట్ మాగ్మా పైకి వస్తూ గోడల నుంచి ఊడగొట్టుకుని తెచ్చుకున్న పాత రాయి అయివుండే అవకాశమే ఎక్కువ. అంచు గుండ్రంగా, చిన్న చిన్న వంకరలతో ఉండి, అంచు దగ్గర రేణువులు మధ్యభాగంలో కంటే సన్నగా ఉంటే, అది ద్రవంగా వచ్చి చల్లటి గుజ్జును తాకగానే బిగుసుకున్న బసాల్ట్ ముద్ద. దీన్నే ఎన్‌క్లేవ్ అంటాం. దాని లోపల గ్రానైట్‌కు చెందిన పెద్ద ఫెల్డ్‌స్పార్ ఒకటి, క్వార్ట్జ్ గింజ ఒకటి ఇరుక్కుని ఉండవచ్చు. ఆ క్వార్ట్జ్ చుట్టూ హార్న్‌బ్లెండ్ గాని పైరాక్సిన్ గాని సన్నటి ఉంగరంలాగా కట్టి ఉంటే, ఆ గింజ తనది కాని వేడి ద్రవంలో పడి కరుగుతూ ఉండగా దాని చుట్టూ ఆ ఖనిజం పెరిగిందని అర్థం. సన్నగా అరగదీసిన ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే సూదుల వంటి ఎపటైట్ స్ఫటికాలు కూడా కనిపిస్తాయి. నిదానంగా చల్లారిన రాతిలో ఎపటైట్ పొట్టిగా, లావుగా పెరుగుతుంది. సూదిలాగా పెరిగిందంటే చల్లారడం హడావుడిగా జరిగిందన్న మాట.

ఎన్‌క్లేవ్ కలయిక విఫలమైన చోటుకు గుర్తు. మరి కలయిక సఫలం ఎప్పుడవుతుంది? స్పార్క్స్, మార్షల్ 1986లో దీనికి ఒక షరతు చూపించారు. రెండు మాగ్మాలు ఒకే ఉష్ణోగ్రతకు వచ్చిన తరువాత కూడా రెండూ పారగలిగే స్థితిలో మిగిలితేనే అవి ఒకటిగా కలుస్తాయి. బసాల్ట్ కొద్దిగా, గుజ్జు ఎక్కువగా ఉంటే ఉమ్మడి ఉష్ణోగ్రత తక్కువ దగ్గర తేలుతుంది, అక్కడ బసాల్ట్ పూర్తిగా బిగుసుకుపోతుంది, ఎన్‌క్లేవ్‌లే మిగులుతాయి. బసాల్ట్ వాటా సగం దాకా లేదా అంతకు మించి ఉన్నప్పుడు మాత్రమే నిజమైన మిశ్రమం, ఉదాహరణకు ఒకే తీరుగా కనిపించే ఆండెసైట్, ఏర్పడే వీలుంటుంది. పోనీ రెండు ద్రవాలూ బసాల్ట్ జాతివే అయితే ఈ ఇబ్బంది అంతగా ఉండదు. అవి తేలికగా కలుస్తాయి. అందుకే మహాసముద్రాల మధ్య ఉన్న వ్యవస్థలకు, ఖండాల అంచున ఉన్న వ్యవస్థలకు ఒకే సూత్రం అంటగట్టకూడదు.

ఇంతవరకు చెప్పినదంతా వేడి గురించి. మీరు అడిగిన అసలు చిక్కు వేరు: చట్రంగా బిగుసుకున్న గుజ్జులోకి చొరబడటానికి చోటెక్కడుంది? దీనికి పాతకాలపు సమాధానం, కింద చేరిన బసాల్ట్ వేడితో గుజ్జు మెల్లగా కరిగి, స్ఫటికాల వాటా 50 శాతం లోపుకు దిగి, అప్పుడు కదులుతుందని. లెక్కకు ఇది సాధ్యమే. కిలో గుజ్జులో స్ఫటికాల వాటాను 60 నుంచి 40 శాతానికి దించాలంటే, గుప్తోష్ణం, కొద్దిపాటి ఉష్ణోగ్రత పెరుగుదల కలిపి సుమారు 120 కిలోజౌళ్లు కావాలి. కిలో బసాల్ట్ 1150 నుంచి 950 డిగ్రీలకు చల్లారి సగానికి పైగా స్ఫటికంగా మారితే 450 కిలోజౌళ్ల పైచిలుకు వదులుతుంది. అంటే వేడి ఎక్కడా వృథా కాకపోతే కిలో బసాల్ట్ మూడు నాలుగు కిలోల గుజ్జును కదిలేట్టు చేయగలదు. కానీ వేడి వృథా అవుతుంది. పైగా అది ఏడాదికి కొద్ది మీటర్లే పాకుతుందని ఇందాక చూశాం. కిలోమీటర్ల మందం ఉన్న గుజ్జు ఇలా వేడెక్కాలంటే వేల, లక్షల ఏళ్లు పడుతుంది. కొన్ని పెద్ద వ్యవస్థలకు అంత సమయం ఉంది. కొలరాడోలో సుమారు 2.8 కోట్ల ఏళ్ల కిందట వెలువడిన ఫిష్ కాన్యన్ టఫ్ (అగ్నిపర్వత బూడిద గట్టిపడిన రాయి) దాదాపు 5000 ఘన కిలోమీటర్ల పదార్థం, అందులో స్ఫటికాల వాటా 35 నుంచి 50 శాతం దాకా ఉంది. దాన్ని మెత్తబరచడంలో కింది బసాల్ట్ నుంచి వెలువడిన వాయువులు గుజ్జు సందుల గుండా పైకి పోతూ వేడిని మోసుకుపోవడం ప్రధాన పాత్ర వహించిందని ఒలివియర్ బాక్‌మన్, జార్జ్ బెర్గాంట్జ్ ప్రతిపాదించారు. వాయువు వహనం కంటే చురుగ్గా వేడిని చేరవేస్తుంది కాబట్టి ఈ ఆలోచనలో బలం ఉంది.

అయితే నెలల్లో, వారాల్లో కదిలిపోయిన వ్యవస్థలు ఉన్నాయి. వాటికి వేడి లెక్క సరిపోదు, అక్కడ యాంత్రిక శాస్త్రం కావాలి. ఒకదానినొకటి తాకుతూ బిగుసుకున్న రేణువులు పక్కకు జరగాలంటే ముందు కాస్త ఎడం కావాలి. ఎడమయితే సందులు పెద్దవవుతాయి, ఆ సందుల్లోకి ద్రవం వచ్చి చేరాలి. ద్రవం చిక్కటిదై త్వరగా రాలేకపోతే చట్రం ఇంకా బిగుసుకుంటుంది. దీనికి విరుద్ధంగా, కింద నుంచి ఒత్తిడితో ద్రవం వచ్చి సందులను నింపితే, రేణువుల మధ్య ఒత్తిడి తగ్గి, అవి ఒకదాని బరువు ఒకటి మోయడం మానేస్తాయి. ఎండాకాలంలో పెన్నలో గాని గుండ్లకమ్మలో గాని చెలమ తీసినవారికి ఇది కొత్తేమీ కాదు. నీళ్లు ఊరే కంటి దగ్గర ఇసుక ఎగిరెగిరి పడుతూ ఉంటుంది, అక్కడ కాలు పెడితే దిగబడిపోతుంది, జానెడు పక్కన మాత్రం అదే ఇసుక మనిషిని మోస్తుంది. ఇసుక కరగలేదు, దాని వేడి మారలేదు. సందుల్లోని నీటి ఒత్తిడి మారింది, అంతే.

మాగ్మా గుజ్జులోనూ ఇదే జరుగుతుందని 2015లో బెర్గాంట్జ్, ఆయన సహచరులు కంప్యూటర్ నమూనాతో చూపించారు. ఒక్కొక్క స్ఫటికాన్నీ విడిగా లెక్కలోకి తీసుకుని, అవి ఒకదానికొకటి తగలడం, రాసుకోవడం, ద్రవం వాటిని నెట్టడం అన్నీ గణించిన నమూనా అది. అడుగున సన్నటి దారి గుండా స్ఫటికాలు లేని కొత్త మాగ్మాను గుజ్జులోకి పంపారు. వేగం ఒక స్థాయికి లోబడి ఉంటే కొత్త మాగ్మా సందుల గుండా ఊరుకుంటూ పోయింది, చట్రం కదలలేదు. ఆ స్థాయి దాటగానే ప్రవేశ ద్వారం మీద ఉన్న గుజ్జు ద్రవంలాగా ప్రవర్తించడం మొదలుపెట్టి, నిలువుగా ఒక పొగగొట్టంలాగా తెరుచుకుంది. దానికి రెండువైపులా గుజ్జు ఏటవాలుగా జారే తలాలు, అంటే మెత్తటి భ్రంశాలు ఏర్పడ్డాయి. వాటి మధ్య భాగంలో స్ఫటికాలు సుళ్లు తిరుగుతూ కలిశాయి. ఆ భాగానికి వారు మిక్సింగ్ బౌల్ అని పేరు పెట్టారు. ఆ తలాలకు అవతల ఉన్న గుజ్జు దాదాపు చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

ఈ ఫలితంలో నాకు ముఖ్యంగా తోచేది ఏమిటంటే, కలయిక వ్యవస్థ అంతటా జరగదు. అది ఒక పరిమితమైన చోట, కొద్దికాలం జరుగుతుంది, చేరిక, అంటే కొత్త మాగ్మా రావడం, ఆగగానే స్ఫటికాలు కిందికి దిగి మళ్లీ చట్రం కట్టుకుంటాయి. తరువాతి చేరిక ఇంకో చోట, ఇంకో వేగంతో రావచ్చు. ఇలా పదేపదే జరిగితే, వేరువేరు లోతుల్లో, వేరువేరు కాలాల్లో పుట్టిన స్ఫటికాలు ఒకే గుప్పెడు ద్రవంలో పక్కపక్కన చేరతాయి. ఒక లావా ముక్కలో పక్కపక్కనే ఉన్న రెండు ప్లాజియోక్లేజ్ (కాల్షియం, సోడియం ఉండే ఫెల్డ్‌స్పార్) గింజలకు ఎందుకు వేరువేరు చరిత్రలు ఉంటాయి అని మీ ప్రాక్టికల్స్‌లో ఎవరైనా అడిగితే చెప్పవలసిన జవాబు ఇదే. మొత్తం రాయిని పొడి చేసి రసాయన విశ్లేషణ చేస్తే వచ్చేది సగటు మాత్రమే. ఆ సగటులో చేరికల చరిత్ర మాయమైపోతుంది. చరిత్ర ఉండేది స్ఫటికాల్లో.

ఒక్క స్ఫటికం ఎలా చదవాలో చెబుతాను. రెండు మిల్లీమీటర్ల పొడవున్న ప్లాజియోక్లేజ్ గింజను తీసుకోండి. పోలరాయిడ్‌లను అడ్డంగా పెట్టి మైక్రోస్కోపు బల్లను మెల్లగా తిప్పితే గింజ అంతా ఒకేసారి నల్లబడదు. లోపలి నుంచి బయటికి పట్టీలు పట్టీలుగా నల్లబడుతుంది. ప్రతి పట్టీలో కాల్షియం, సోడియం పాళ్లు వేరుగా ఉండటమే దానికి కారణం. చల్లటి, సిలికా ఎక్కువున్న ద్రవంలో పెరిగిన లోపలి భాగంలో సోడియం ఎక్కువ. దాని చుట్టూ ఒక చోట అంచులు గుండ్రంగా కొరికేసినట్టు ఉంటాయి, లేదా జల్లెడలాగా చిల్లులు పడి ఆ చిల్లుల్లో గాజు ఉంటుంది. అక్కడ స్ఫటికం పెరగడం మానేసి కరిగిందన్న మాట, అంటే వేడి వచ్చింది. ఆ కరిగిన తలం మీద వెంటనే కాల్షియం ఎక్కువున్న పట్టీ మొదలవుతుంది. వేడి మాత్రమే వచ్చి ఉంటే కాల్షియం ఇంతగా పెరగనక్కరలేదు, వేరే ద్రవం కూడా వచ్చిందనడానికి ఐరన్, మెగ్నీషియం కూడా ఆ పట్టీలో పెరిగాయా అని చూడాలి. పెరిగితే బసాల్ట్ చేరిక నిజమే. పెరగకపోతే వేడి లేదా నీటి ఆవిరి మాత్రమే వచ్చి ఉండవచ్చు. ఈ తేడా చూడకుండా, జల్లెడ ఆకృతి కనబడగానే మాగ్మా మిశ్రమం అని రాసేసే ప్రాజెక్టు రిపోర్టులు నేను చాలా దిద్దాను. మాగ్మా వేగంగా పైకి వచ్చి ఒత్తిడి తగ్గినా జల్లెడ ఆకృతి వస్తుందని మరచిపోవద్దు.

ప్లాజియోక్లేజ్‌లో కాల్షియం, సోడియం పట్టీలు లక్షల ఏళ్లయినా చెరిగిపోవు. కొన్ని మూలకాలు మాత్రం చురుగ్గా సర్దుకుంటాయి. ప్లాజియోక్లేజ్‌లో మెగ్నీషియం, ఆలివిన్ అనే ఖనిజంలో ఐరన్, మెగ్నీషియం అటువంటివి. కొత్త ద్రవంలో పడిన స్ఫటికం అంచు నుంచి ఆ మార్పు ఎన్ని మైక్రాన్లు లోపలికి పోయిందో కొలిస్తే, చేరికకు, విస్ఫోటనానికి మధ్య ఎంతకాలం గడిచిందో తెలుస్తుంది. గ్రీసులోని సాంటొరీనిలో కంచు యుగం నాటి మహా విస్ఫోటనం మీద టిమ్ డ్రూయిట్ బృందం 2012లో ఈ పద్ధతినే వాడింది. వేల ఏళ్లు నిదానంగా ఉన్న ఆ నిల్వలోకి విస్ఫోటనానికి ముందు నూరేళ్ల లోపులోనే పెద్ద ఎత్తున మాగ్మా చేరిందని, కొంత కలయిక చివరి నెలల్లో కూడా జరిగిందని తేలింది. ఒరెగాన్‌లోని మౌంట్ హుడ్ స్ఫటికాల మీద కారి కూపర్, ఆడమ్ కెంట్ 2014లో ఇంకో రకంగా ఇదే మాట చెప్పారు. ఆ స్ఫటికాలు వేల ఏళ్ల నాటివి, కానీ ఆ కాలంలో విస్ఫోటనానికి తగినంత వేడిగా ఉన్నది ఎక్కువలో ఎక్కువ 12 శాతమే. మిగిలిన కాలమంతా అవి దాదాపు గట్టిపడిన స్థితిలో ఉన్నాయి. దీనికి ఎదురు వాదన లేకపోలేదు. సెయింట్ లూసియా ద్వీపంలోని అగ్నిపర్వతం మీద 2016లో వచ్చిన అధ్యయనం, అక్కడి మాగ్మా ఎక్కువకాలం వేడిగానే నిల్వ ఉందని చూపింది. నా అభిప్రాయంలో రెండూ నిజం కావచ్చు. ఒకే వ్యవస్థలో అడుగు భాగం వేడిగా, పై భాగం చల్లగా ఉండటంలో వింత లేదు.

చేరిక విస్ఫోటనానికి దారితీసిన సంఘటనల్లో అందరూ చదవవలసినది 1991 నాటి పినటుబో. ఫిలిప్పీన్స్‌లో ఆ ఏడాది మే చివర, జూన్ మొదటి రోజుల్లో 30 కిలోమీటర్ల లోతు ప్రాంతంలో మెల్లగా ఊగే రకం కంపనాలు నమోదయ్యాయి. అడుగు నుంచి బసాల్ట్ పైకి వస్తోందనడానికి అవే సూచన అని తరువాత నిర్ధారించారు. పైన ఉన్న నిల్వ స్ఫటికాలు దాదాపు సగం ఉన్న డేసైట్, దాని ఉష్ణోగ్రత 780 డిగ్రీల దరిదాపు. జూన్ 7న బిలం దగ్గర చిన్న గుమ్మటం పైకి వచ్చింది. అది డేసైట్ కాదు, బసాల్ట్, డేసైట్ కలిసిన ఆండెసైట్. అందులో బసాల్ట్‌కు చెందిన ఆలివిన్, డేసైట్‌కు చెందిన క్వార్ట్జ్ రెండూ ఉన్నాయి, మామూలుగా ఆ రెండు ఖనిజాలు కలిసి ఉండవు. వారం తిరిగే సరికి, జూన్ 15న, నిల్వలోని డేసైట్ సుమారు 5 ఘన కిలోమీటర్ల మేర బయటికి వచ్చేసింది. గమనించండి, మిశ్రమం అయినది మొత్తంలో చాలా చిన్న భాగం. అసలు విస్ఫోటనంలో వచ్చినది దాదాపు కలవని డేసైటే. బసాల్ట్ వేడిని, వాయువును, ఒత్తిడిని అందించి పక్కన ఉండిపోయింది. 2010లో విమానాలను ఆపేసిన ఐస్‌లాండ్ విస్ఫోటనంలోనూ బసాల్ట్ వెళ్లి పాత సిలికా ద్రవపు అవశేషాన్ని తాకిన తరువాతే అది పేలుడుగా మారింది. ఇటు అండమాన్‌లోని మన బారెన్ ద్వీపం కూడా 1991లోనే మళ్లీ మేల్కొంది, అయితే అక్కడిది బసాల్ట్ వ్యవస్థ, పినటుబో స్థాయి పేలుడుతో దానికి పోలిక లేదు.

ఇప్పుడు చీమకుర్తి. వ్యాపారంలో గ్రానైట్ అన్నా, గెలాక్సీ రాయి గాబ్రో, నోరైట్ జాతిది, అంటే భూమి లోపల నిదానంగా గట్టిపడిన బసాల్ట్ తరహా మాగ్మా. నల్లటి నేపథ్యంలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఆర్థోపైరాక్సిన్, ఆ స్ఫటికం లోపల సన్నటి పలకల్లాగా ఉన్న ఇల్మెనైట్ వంటి ఖనిజాలు వెలుగును ప్రతిఫలించడం వల్ల ఆ మెరుపు వస్తుంది. చుక్క పరిమాణాన్ని బట్టే స్మాల్ ఫ్లేక్, బిగ్ ఫ్లేక్ అని రకాలు కడతారు, క్వారీలో ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఆ రకం మారుతుందని మీ ప్రాంతం వారికి నేను చెప్పనక్కరలేదు. ఇక్కడి ప్లూటాన్‌లో గాబ్రో, నోరైట్, అనార్థొసైట్ పొరలుగా ఉన్నాయి. ప్లాజియోక్లేజ్ ఇంతగా గుమికూడి అనార్థొసైట్ కావాలంటే స్ఫటికాలు ద్రవం నుంచి వేరుపడి పోగుపడాలి. కాబట్టి మీ ఊహ సరైనదే, ఇది స్ఫటికాల గుజ్జు పూర్తిగా గట్టిపడిన రూపం.

కాకపోతే పొర కనబడిన ప్రతిచోటా కొత్త మాగ్మా చేరిందని అనుకోకూడదు. స్ఫటికాలు బరువును బట్టి, పరిమాణాన్ని బట్టి విడిపోయినా పొరలు వస్తాయి. గుజ్జు తన బరువుకు తానే కుంగి ద్రవాన్ని పిండేసినా వస్తాయి. చేరికను నిరూపించాలంటే కింది నుంచి పైకి వరుసగా నమూనాలు తీసి, పైరాక్సిన్‌లో మెగ్నీషియం, ఐరన్ నిష్పత్తిని కొలవాలి. ద్రవం చల్లారుతూ పోతే ఆ నిష్పత్తి పైకి పోయేకొద్దీ తగ్గాలి. తగ్గుతూ వచ్చి ఒక మట్టం దగ్గర హఠాత్తుగా పెరిగితే అక్కడ తాజా మాగ్మా వచ్చినట్టు. స్ట్రాన్షియం ఐసోటోపుల నిష్పత్తి కూడా అదే మట్టంలో మారితే ఇంక సందేహం ఉండదు. దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ అనే పొరల శిలాకాయంలో, ప్లాటినం దొరికే మెరెన్‌స్కీ పొర దగ్గర, సరిగ్గా అటువంటి మార్పే ఉంది. ప్రాజెక్టు అంశం వెతుకుతున్నానని మీరు రాశారు కాబట్టి చెబుతున్నాను: ఒకే క్వారీలో పై బెంచి నుంచి కింది బెంచి దాకా, యజమాని అనుమతితో, మట్టం రాసుకుని తీసిన పది పన్నెండు ముక్కలతో ఈ పని మొదలుపెట్టవచ్చు. డంపులో పడి ఉన్న ముక్కలు తేలిగ్గా దొరుకుతాయని వాటిని తీసుకుంటే అవి ఏ మట్టానివో తెలియదు కాబట్టి ఈ పనికి అక్కరకు రావు.

చివరి ప్రశ్నకు జవాబు చిన్నది. 2024 డిసెంబరు ప్రకంపనలు వచ్చిన చోటే పసుపుగల్లు గాబ్రో ప్లూటాన్ ఉండటం వల్ల మీవారికి ఆ అనుమానం వచ్చి ఉంటుంది. ఈ ప్రాంతపు మాగ్మా శిలలు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి, ఏల్చూరు నెఫలీన్ సయనైట్ అనే శిల వయసు సుమారు 132 కోట్ల ఏళ్లని జిర్కాన్ ఖనిజం మీద చేసిన కొలతలు చెబుతున్నాయి. పది కిలోమీటర్ల వెడల్పున్న మాగ్మా కాయం అయినా, వేడి వహనపు లెక్క ప్రకారం, పది ఇరవై లక్షల ఏళ్లలో చల్లారిపోతుంది. కాబట్టి కింద మిగిలి ఉన్న మాగ్మా ఏదీ లేదు. కంపనాలు పాత భ్రంశాల వెంట పేరుకున్న ఒత్తిడి విడుదల కావడం వల్ల వస్తాయి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చిన భూకంపం కూడా ఆ కోవదే. మీ ఊళ్లో భయపడవలసింది పాతబడిన మట్టిగోడల గురించి, సిమెంటు చాలని పిల్లర్ల గురించి.